తప్పని విభక్తులు

ద్రాహొమీరా జప్లెతలోవా
గురువారం నాలుగింటికల్లా వ్యాసం పంపుతుంది.
ఆదివారం పేజీలో ఆమెకిచ్చిన చోటు అరచేయంత.
ఆ అరచేతిలో ఈసారి
ఒక దేశపు సాహిత్యమంతా పట్టించమన్నాడు సంపాదకుడు.
"రష్యన్ పుస్తకాలు ఇంకా చదవాలా, వద్దా?
తేల్చెయ్యండి."

తేల్చడానికి అదేమన్నా కరెంటు బిల్లా
అని ఫోన్లో నా మీద విసుక్కుంది.
నేను పదాలు కత్తిరించేవాణ్ణి.
నా మీద కాక ఇంకెవరి మీద?

వచ్చింది వ్యాసం.
అరచెయ్యి కాదు, మోచెయ్యి దాటింది.

"ఆ నవలల్లో
చంపినవాడు కుమిలిపోవడానికి ఆరొందల పేజీలుంటాయి.
చచ్చినవాడికి
గుమ్మం దగ్గర కూలిపోవడానికి ఒక్క పేరా.
నేనూ ఏడ్చాను, చంపినవాడితోనే,
వెక్కి వెక్కి, దిండు తడిసేలా.
ఆ కూలినవాడి పేరేమిటో చూద్దామని
పేజీ వెనక్కి తిప్పడానికి
నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

అక్కడ జాలి మంచులా కురుస్తుంది
అందరి మీదా, సమంగా.
మంచుకేం తెలుసు?
అడుగుల గుర్తుల్ని కూడా కప్పేస్తుంది."

ఇక్కడ మార్జిన్లో 'బాగుంది' అని రాసి
కొట్టేశాను.
మెచ్చుకోలు ఆమెకు గిట్టదు.

"ఒకటే మా బళ్లో అన్నిటికన్నా పెద్ద మార్కు.
రష్యన్లో నాకెప్పుడూ ఒకటే.
పన్నెండో ఏట, ఆ ఆగస్టులో
ఓలొమోత్స్ ఊరంతా తన వీధుల పేర్లు తనే పీకేసుకుంది.
ట్యాంకు మీంచి ఒక కుర్రాడు, పెదాలు పగిలినవాడు,
స్టేషనుకి దారెటని అడిగాడు.
చెప్పాను.
విభక్తి తప్పలేదు, క్రియ తప్పలేదు,
వింటే మా టీచరమ్మ మురిసిపోయేది.
దారి ఒక్కటే తప్పు.
'స్పసీబా' అన్నాడు.
అంత మెత్తటి మాట
ఏ పుస్తకంలోనూ అంతవరకు చదవలేదు."

తర్వాత పై వాటాలో ఉండే స్నిజానా సంగతి.
ఖార్కివ్ నుంచి ఒక సంచీతో, ఒక పాపతో వచ్చింది.
ఆమె పేరులోనే మంచు ఉంది,
మూడు దేశాల్లో ఎవరు పిలిచినా కరగని మంచు.
గసగసాల రొట్టె కాల్చుకోవడానికి
పొయ్యి అడగడానికి దిగొచ్చి
గోడవైపు తిప్పి పెట్టిన పుస్తకాలు చూసిందట.
"ఏం, చలేస్తోందా వాటికి?"

"పగలు ఆ భాష ముట్టుకోదు స్నిజానా.
రాత్రి పాపని జోకొట్టేటప్పుడు
కథలోకి పాత మాటే జారుతుంది.
నాలిక్కరుచుకుని ఆగిపోతుంది.
నా పైకప్పులోంచి పాప గొంతు:
తర్వాత?"

అక్కడితో వ్యాసం ఆగిపోయింది.
చదవాలో వద్దో ఎక్కడా లేదు.

శీతాకాలపు టైర్ల ప్రకటనొకటి చివరి నిమిషంలో వచ్చిపడింది.
నలభై లైన్లు పోవాలి.

"ఏం తీసేశావు?" అంది ఫోన్లో.
"స్టేషను."
ఆ చివర చాలాసేపు కెటిల్ మరిగింది.
"మంచిదే. చూశావా,
నాకు పది లైన్లు రాసుకుని
వాడికి ఒక్క మాట ఇచ్చాను.
ఎటు పోయాడో, ఏమయ్యాడో
యాభై అయిదేళ్లలో ఒక్కసారీ అడగలేదు.
వాళ్ల దగ్గరే కదా
నేను రాయడం నేర్చుకుంది."

ఆదివారం.
టైర్ల పక్కన అరచేయంత ద్రాహొమీరా.
శీర్షిక సంపాదకుడిది,
దాని చివర ప్రశ్నార్థకం నాది.
నాలుగో నంబరు ట్రాములో ఒక ముసలాయన
ఆ పేజీ శ్రద్ధగా చివరిదాకా చదివి,
నాలుగు మడతలు పెట్టి,
తడిసిన బూటు విప్పి
అడుగున పరుచుకున్నాడు.

బయట మొదటి మంచు.
దిగి, గుర్తులు వదులుతూ
స్టేషను వైపు నడిచాడు.